అక్క తాళంచెవి

కిటికీ పక్క కుర్చీ కొత్తమ్మాయికి ఇచ్చిన రోజున అక్క ఏమీ అనలేదు. అనడానికి ఆమెకు నోరు లేదు. ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు ముందు ఆమెనే అడిగారు. "నాకు ఆ ఎండ పడదు, తలనొప్పి" అని ఆమే వద్దంది. తను వద్దన్న కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే కడుపు మండుతుందని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆ ఆఫీసులో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. ఆమె కంటే పెద్దవాడైన టీమ్ లీడ్ కూడా అక్కా అనే అంటాడు. తలుపు తోసుకుని వచ్చి, అందరి బల్లల దగ్గరా తలా ఒక మాట విసిరి, ఎవరి జవాబూ వినకుండా వెళ్ళిపోతాడు కనుక ఆయనకు సుడిగాలి అని పేరు పెట్టింది అక్కే. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం ఆయనలోని మంచి గుణం.

వాళ్ళు చేసేది చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రాలకు ఒక వెబ్ యాప్. పొద్దున బిడ్డను దింపేదెవరు, సాయంత్రం తీసుకెళ్ళేదెవరు, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ అందులోనే. ఏ పేజీ తెరిచినా ఆ వివరాలన్నీ ఒక్కచోటు నుంచే రావాలి. ఆ ఉమ్మడి చోటును మొదట్లో కట్టింది అక్క. దానికి బీరువా అని పేరు పెట్టిందీ ఆమే. బీరువాలో కేంద్రం, కేంద్రంలో గది, గదిలో బిడ్డ, బిడ్డ కింద కుటుంబం, కుటుంబంలో మొదటి మనిషి, రెండో మనిషి, ఆ మనిషి దగ్గర ఫోన్ నంబరు. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె. నంబరు కావాలంటే పైనుంచి ఒక్కొక్కటే తెరుచుకుంటూ అడుగుదాకా పోవాలి. దారిలో ఏ పెట్టె లేకపోయినా, లేనిదాన్ని తెరవబోయిన పాపానికి పేజీ మొత్తం తెల్లగా అయిపోతుంది.

ఆ తిప్పలు ఎవరికీ లేకుండా అక్క ఒక చిన్న ఫంక్షన్ రాసిపెట్టింది. ఏ బిడ్డో చెబితే చాలు, అదే లోపలికి వెళ్ళి కావలసింది తెచ్చి చేతిలో పెడుతుంది. ఆఫీసులో దాన్ని 'అక్క తాళంచెవి' అంటారు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ మొదటి రోజే అక్క చెప్పే మాట ఒకటుంది. "బీరువాలో మీరు చేతులు పెట్టకండి. నా తాళంచెవి ఉంది, అది వాడండి."

పని సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి ఉత్తుత్తి పిల్లలు కొందరు కావాలి. వాళ్ళనీ అక్కే పుట్టించింది. తన కూతురి వివరాలు ఒకసారి ఎక్కించి, పేర్లు మార్చి కాపీలు తీసింది. అందుకే ఆ పిల్లలందరిదీ ఒకే పుట్టినరోజు, అందరికీ అమ్మ అక్కే, నాన్న అక్క భర్తే. ఆయన కట్టుడు పళ్ళు చేసే మనిషి. పాపం, ఆయన ఎప్పుడు ఆఫీసుకు వచ్చినా అందరూ "మీ సంసారం ఎలా ఉందండీ?" అని అడిగి నవ్వుతారు.

కొత్తమ్మాయికి కూడా అక్క తాళంచెవి సంగతి చెప్పింది. కొత్తమ్మాయి శ్రద్ధగా తలూపింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతులు పైకి మడిచిన చొక్కాతో ఉండే పిల్ల. మాట తక్కువ, పని ఎక్కువ. ఇంకా పరీక్షా కాలంలోనే ఉంది. ఉద్యోగం ఖాయం కాలేదు.

"ఆ అమ్మాయి చెయ్యి చూశావా అక్కా? మనం వారం పీక్కునే పని పూటలో తేల్చేసింది," అన్నాడు సుడిగాలి ఒకరోజు. ఆయన చెయ్యి అక్క బల్ల మీద ఉంది, కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి.

"తేల్చినవన్నీ నిలబడాలి కదా," అంది అక్క.

"నిలబడతాయి, నిలబడతాయి. చూసుకోవడానికి నువ్వున్నావుగా."

అది మెచ్చుకోలో, చాకిరో అక్క తేల్చుకునేలోపే ఆయన వెళ్ళిపోయాడు.

ఆ వారమే సుడిగాలి, అక్క కలిసి ఒకావిడను చూడటానికి వెళ్ళారు. ఆవిడకు కొత్తగా పెట్టిన చిన్న కేంద్రాలు కొన్ని ఉన్నాయి. యాప్ తీసుకుందామా అని చూస్తోంది. ఆవిడ రంగుపెన్సిళ్ళ పెట్టెలు సర్దుతూనే ఒక మాట చెప్పింది.

"మా దగ్గర చాలామంది పిల్లలకి ఇంట్లో ఒక్కరే దిక్కమ్మా. అమ్మమ్మ ఒక్కతే, లేదా నాన్న ఒక్కడే. రెండో పేరు అడిగితే చిన్నబుచ్చుకుంటారు. ఆ గడి తప్పనిసరి చెయ్యకండి."

అక్క ఆ మధ్యాహ్నమే ఫారంలో ఆ గడిని తప్పనిసరి కాకుండా చేసింది. బీరువాలో ఏ పెట్టెలో ఏముంటుందో చెప్పే పటం ఒకటుంది. అందులో కూడా 'రెండో మనిషి తప్పకుండా ఉంటారు' అన్న మాట మార్చాలి. మార్చేదే. ఇంతలో సుడిగాలి లోపలికి వచ్చి, "ఆవిడకి చూపించే పేజీ కొత్తమ్మాయి చేస్తుంది. సాయంత్రం పిల్లల్ని ఎవరు తీసుకెళ్ళాలో చూపించే పేజీ. అది బాగా వస్తే ఆ అమ్మాయిని ఖాయం చేసేద్దాం" అని అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ పేజీ తనే చేస్తానని, ఎవరూ చెప్పకపోయినా, అక్క అనుకుని ఉంది. ఆమె మొహం మాడిపోయింది. పటం సంగతి ఆ మాడుపులో మర్చిపోయింది.

*

కొత్తమ్మాయి రాసిన పేజీ రివ్యూకు వచ్చింది. ఆఫీసులో ఎవరు ఏది రాసినా అక్క చూసి అప్రూవ్ అన్నాకే అది యాప్‌లో కలుస్తుంది.

అక్క రివ్యూ అంటే అందరికీ హడలు. పెన్ను మూత పంటి కింద పెట్టుకుని ఒక్కొక్క లైనూ చదువుతుంది. 'ఈ పేరు చూస్తే నీకైనా ఏమైనా అర్థమవుతోందా?' అని రాస్తుంది. 'ఇది నిన్న చెప్పాను, మళ్ళీ చెప్పించకు' అని రాస్తుంది. తిట్లు తినే వాళ్ళు కూడా ఆ కామెంట్లు వస్తేనే నిశ్చింతగా ఉంటారు. అక్క చూసిందంటే ఇంక భయం లేదు.

ఆ రోజు పెన్ను మూత పంటి కిందే ఉంది గానీ రాయడానికి ఏమీ దొరకలేదు. పేర్లన్నీ చక్కగా ఉన్నాయి. ఏ పని ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇల్లు సర్దడం చేతనైన మనిషి గూట్లో గిన్నెలు పెట్టినట్టు ఉంది. అక్కకు ఆ శుభ్రం చూస్తుంటే ఒళ్ళు మండింది. తప్పు వెతకడం ఆమె పని. తప్పు దొరకాలని మొక్కుకోవడం మాత్రం కాదు. ఆ తేడా ఆమెకు తెలుసు. తెలిసే మొక్కుకుంది.

మధ్యకు వచ్చేసరికి ఆ లైను కనిపించింది. కొత్తమ్మాయి తాళంచెవి వాడలేదు. నేరుగా బీరువాలో చెయ్యి పెట్టింది. బీరువా, చుక్క, కేంద్రం, చుక్క, గది, చుక్క, బిడ్డ, చుక్క, కుటుంబం, చుక్క, రెండో మనిషి, చుక్క, ఫోన్. చుక్క వెంట చుక్క పెట్టుకుంటూ అడుగుదాకా ఒకే ఊపున దిగిపోయింది.

"అంటే నా తాళంచెవి నీకు అక్కర్లేదన్నమాట," అంది అక్క తెరతో.

అప్పుడు రెండోది కనిపించింది. రెండో మనిషి ఉన్నారా లేదా అని ఆ లైను అడగడం లేదు. ఆ చుక్క ముందు ఒక ప్రశ్నార్థకం పెడితే చాలు, పెట్టె లేకపోతే నోరు మూసుకుని వెనక్కి వస్తుంది. అది లేదు. ఇంట్లో ఒక్కరే ఉన్న బిడ్డ పేజీ తెరిస్తే తెల్లబడి ఊరుకుంటుంది. రంగుపెన్సిళ్ళావిడ చెప్పిన మాట కొత్తమ్మాయికి తెలియదు. ఆ రోజు ఆ పిల్లను తీసుకెళ్ళలేదు. ఆ మాట విన్నది సుడిగాలి, అక్క. సుడిగాలి ఏదీ వినడు కనుక, విన్నది అక్క ఒక్కతే.

అక్క కామెంటు పెట్టె తెరిచి టైపు చేసింది. 'రెండో మనిషి లేని పిల్లలుంటారు. ఇక్కడ చూసుకో.'

కిటికీ దగ్గర నవ్వులు వినిపించాయి. సుడిగాలి కొత్తమ్మాయి కుర్చీ వెనక నిలబడి, తెర మీద ఏదో చూపిస్తూ, "మాకీ బుద్ధి ఇన్నాళ్ళూ ఏమైందమ్మా!" అంటున్నాడు. మాకు అంటే ఎవరికి? అక్కకే కదా. కొత్తమ్మాయి సిగ్గుపడి జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. సాయంత్రపు ఎండ ఆ బల్ల మీద పడుతోంది. తలనొప్పి రాని వాళ్ళకు ఆ ఎండ ఎంత బాగుంటుందో అక్కకు ఆ నిమిషంలో తెలిసింది.

రాసిన మాటలు ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. అప్రూవ్ నొక్కింది. ఒక్క కామెంటూ పెట్టలేదు.

ఆమెకు అసూయగా ఉంది. అంతకంటే మెత్తటి మాట ఏదైనా దొరుకుతుందేమోనని బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ వెతుక్కుంది. దొరకలేదు.

*

"ఎవరి మీద పళ్ళు నూరుతున్నావు? అరిగితే మళ్ళీ నేనే కట్టాలి," అన్నాడు భర్త. ఆయన గోళ్ళ కింద ఇరుక్కున్న సున్నంలాంటి పొడిని పాత టూత్‌బ్రష్‌తో తోముకుంటున్నాడు. రోజూ ఇంటికి రాగానే చేసే పని అది.

"ఎవరి మీదా కాదు."

"ఆ కొత్తమ్మాయేనా?"

"ఆ పిల్ల పేరెత్తకండి."

"పేరెక్కడెత్తాను? ఇన్నాళ్ళనుంచీ నువ్వు ఆ పిల్ల పేరే చెప్పలేదు నాకు." ఆయన చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. "నీ సొమ్మేం తిన్నది?"

"నేనుండగా నన్ను దాటి లోపలికి పోయింది. నేను కట్టిన బీరువా అది. ఎలా తెరవాలో మొదటి రోజే చెప్పాను."

"చెబితే వినలేదని అడిగావా?"

"ఎందుకడగాలి? అంత తెలివైనదిగా, తెలుసుకుంటుంది."

ఆయన భార్య మొహం ఒకసారి చూశాడు. నోట్లో ఏదో దాచుకున్న వాళ్ళ దవడ ఎలా ఉంటుందో ఆయనకు రోజూ అలవాటే. లోపలి గదిలోంచి కూతురు, "అమ్మా, నీకు కోపమొస్తే నాన్నకి జోకులు ఎక్కువొస్తాయి" అంది. ముగ్గురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది గానీ, ఆ చెరిపేసిన మాటలు భర్తకు చెప్పలేదు. చెబితే ఆయన ఒక్కటే అడుగుతాడు, 'మరి ఎందుకు చెరిపేశావు' అని. దానికి జవాబు ఆమె దగ్గరుంది. పైకి చెప్పుకోదగ్గ జవాబు కాదు.

*

మర్నాడు కొత్తమ్మాయి రెండు కప్పుల టీతో అక్క బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా పేజీ చూశారు కదా…"

"అప్రూవ్ చేశానుగా."

"చేశారు. మీరేమీ రాయలేదు మరి…"

"రాయడానికి ఏమీ లేదు."

అక్క తెర మీంచి కళ్ళు తిప్పలేదు. కొత్తమ్మాయి టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక, బల్ల అంచున పెట్టి, అది పడుతుందేమోనని లోపలికి జరిపి, "అంతేనా అక్కా?" అంది.

"అంతకన్నా బాగా రాయాలంటే నాకు రాదమ్మా."

వినడానికి అది పొగడ్త. కొత్తమ్మాయి పిచ్చిది కాదు. చెంపలు ఎర్రబడ్డాయి. తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, వేళ్ళు కీబోర్డు మీద పెట్టి చాలాసేపు ఏమీ టైపు చెయ్యలేదు. అక్క అదంతా ఓరకంట చూసింది. టీ చల్లారిపోయాక తాగింది.

మధ్యాహ్నం అక్క డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. కొత్తమ్మాయి దగ్గర్నుంచి ఇంకో రివ్యూ. 'చిన్న మార్పు, పాత పేజీయే' అని ఉంది. చిన్నదైనా పెద్దదైనా, ఇన్నేళ్ళలో అక్క తెరిచి చూడకుండా ఏదీ అప్రూవ్ చెయ్యలేదు. అది ఆమె గొప్ప. ఆ రోజు చెంచా ఒక చేతిలో, ఫోన్ ఇంకో చేతిలో పట్టుకుని ఆలోచించింది. తెరిస్తే ఆ లైను మళ్ళీ కనిపిస్తుంది. రెండోసారి చూసి కూడా ఊరుకున్నానని తనకు తనే సాక్ష్యం ఎందుకు? బొటనవేలితో అప్రూవ్ నొక్కి, ఫోన్ బోర్లించి, అన్నం తింది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

*

రంగుపెన్సిళ్ళావిడ తన కేంద్రంలోని పిల్లల అసలు వివరాలే ఎక్కించి పంపించింది. ఆవిడ వచ్చిన పొద్దున మీటింగు గదిలో పెద్ద తెర మీద ఆ పిల్లల ఫోటోలన్నీ వరుసగా కనిపిస్తుంటే, కుర్చీలో ముందుకు జరిగి, "అరె, మా అల్లరోళ్ళు!" అని మురిసిపోయింది.

సుడిగాలి కొత్తమ్మాయినే చూపించమన్నాడు. చూపించింది. ఒక పాప ఫోటో నొక్కితే సాయంత్రం ఎవరొస్తారో, వాళ్ళ మొహం, ఫోన్ నంబరు వచ్చాయి. ఇంకో బాబు. వచ్చాయి. ఆవిడ తలాడిస్తోంది. సుడిగాలి ఆ మూల నుంచి అక్క వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. అక్క తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. పెన్ను మూత జేబులో ఉంది. దాన్ని వేళ్ళతో నలుపుతోంది.

"ఈ బుగ్గలవాడిది తెరవమ్మా," అంది ఆవిడ.

కొత్తమ్మాయి నొక్కింది. తెర తెల్లగా అయిపోయింది. ఫోటోలు లేవు, పేర్లు లేవు, పైన ఉండే పట్టీ కూడా లేదు. ఆ తెలుపు వెలుగు అందరి మొహాల మీదా పడింది.

కొత్తమ్మాయి వెనక్కి వెళ్ళి మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే.

"ఏమైందమ్మా?" అన్నాడు సుడిగాలి. ఆ 'అమ్మా'లో ముందటి తీపి లేదు.

"నాదే… నాదే పొరపాటు సార్. ఏదో చూసుకోలేదు," అంది కొత్తమ్మాయి. ఇంకా ఏం జరిగిందో చూడనైనా లేదు. ముందే ఒప్పేసుకుంది.

ఆవిడ కోప్పడలేదు. సంచీ భుజానికి తగిలించుకుంటూ, "ఆ బాబుకి వాళ్ళ అమ్మమ్మ ఒక్కతేనండి. ఆవిడ పగలంతా పనిచేసి, సాయంత్రం వచ్చి మా గుమ్మంలో నిలబడుతుంది. మావాళ్ళు ఈ తెల్లటి తెర చూసి, ఎవరో తెలియదు, బిడ్డను ఇవ్వం అంటే ఆవిడ ఏమైపోవాలి?" అంది. "బాగుచేశాక పిలవండి. వస్తాను."

అక్కకు సంతోషంగా ఉంది. దాచి లాభం లేదు, సంతోషమే. ఇన్నాళ్ళూ గుండెల మీద ఉన్న బరువు దిగినట్టు ఊపిరాడింది. ఆ అమ్మమ్మ మాట మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. దాన్ని పక్కకు నెట్టింది.

ఆవిడను లిఫ్టు దాకా దింపి వచ్చిన సుడిగాలి, కొత్తమ్మాయి వైపు చూడకుండా, "ఎక్కడ పోయిందో చూడు అక్కా. ఇక నువ్వే చూడు" అన్నాడు.

ఇక నువ్వే చూడు. ఈ మాట కోసమే కదా! అక్క తన బల్ల దగ్గరికి నడిచి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. బుగ్గలవాడి పేజీ తెరిచింది. తెల్లగా వచ్చింది. లోపల తప్పు ఎక్కడ తగిలిందో చెప్పే విండో తెరిచింది. ఏ ఫైలులో, ఏ లైనులో ఆగిపోయిందో అందులో ఎర్రగా కనిపిస్తుంది. కొత్తమ్మాయి ఫైలు పేరు చదవడానికి కళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

అక్కడున్నది అక్క ఫైలు. తాళంచెవి.

మళ్ళీ చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని చదివింది. కొత్తమ్మాయి పంపిన ఆ 'చిన్న మార్పు'ను అప్పుడు తెరిచింది. ముందు రాసిన ఆరు చుక్కల లైను అందులో లేదు. కొట్టేసింది. దాని చోట ఒక్క మాట పెట్టింది. అక్క తాళంచెవిని పిలిచింది.

అక్క తన ఫంక్షన్‌లోకి దిగింది. ఎప్పుడో రాసింది. రాశాక మళ్ళీ తెరిచి చూడవలసిన అవసరమే రాలేదు. కుటుంబం అనే పెట్టె ఉందా అని అడుగుతోంది. ఉంటే లోపలికి వెళ్తోంది. లోపల రెండో మనిషి ఉన్నారా అని అడగడం లేదు. నేరుగా ఫోన్ మీద చెయ్యి వేస్తోంది. కొత్తమ్మాయి లైనులో తను పట్టుకున్న తప్పే, అక్షరం పొల్లుపోకుండా. ఇన్నాళ్ళూ ఫారంలో ఆ గడి తప్పనిసరి కనుక ఆ పెట్టె లేని బిడ్డే రాలేదు. ఇక ఉత్తుత్తి పిల్లలందరికీ అక్కా, అక్క మొగుడూ ఉండనే ఉన్నారు.

అక్కకు తల కొట్టేసినట్టయింది. చుట్టూ చూసింది. ఎవరూ ఆమెను చూడటం లేదు. అందరూ కిటికీ వైపు చూస్తున్నారు, చూడనట్టు చూస్తున్నారు. కొత్తమ్మాయి సొరుగులోంచి తన వస్తువులు తీసి బల్ల మీద పెడుతోంది. ఒక దువ్వెన, ఒక ఛార్జరు, టీ కప్పు. సర్దుకోమని ఎవరూ చెప్పలేదు.

*

సుడిగాలి గదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూర్చోవడం అరుదు.

"తేలిందా?"

"తేలింది."

"నేనే తొందరపడ్డాను అక్కా. నువ్వు ముందే అన్నావు, నిలబడాలి కదా అని. ఇంత చిన్నది చూసుకోలేని మనిషిని ఎలా ఖాయం చేస్తాం? ఈ వారంతో చెప్పేద్దాం. మంచి పిల్లే గానీ…"

అక్క తలుపు మూసింది. ఊరుకోవచ్చు. తాళంచెవిని చడీచప్పుడు లేకుండా సరిచేసేసి, కొత్తమ్మాయి పేజీలో తప్పుందని చెప్పవచ్చు. సుడిగాలి లైన్లు చదవడు. కొత్తమ్మాయి చదివినా, తనే ఒప్పేసుకున్నాక ఎవరు నమ్ముతారు? కిటికీ పక్క కుర్చీ మళ్ళీ ఖాళీ అవుతుంది.

"ఆ లైను నాది," అంది.

"ఏ లైను?"

"విరిగింది నా తాళంచెవి. ఆ అమ్మాయి రాసింది కాదు. నేను రాసింది."

సుడిగాలి ఆమె మొహం చూశాడు. కాసేపటికి ఆయన భుజాలు వదులయ్యాయి. పెద్దగా నవ్వాడు.

"నీదా! ఓస్, అయితే ఇంకేం! నీదైతే మధ్యాహ్నానికి సరిచేసేస్తావు. నేనింకా ఏదో అనుకుని హడలిపోయాను. ఆవిడకి ఫోన్ చేసి రేపు రమ్మంటాను. నీకు కాఫీ తెప్పించనా?"

అక్క అక్కడే నిలబడింది. తిడతాడనుకుంది. కనీసం 'నువ్వేంటక్కా ఇలా' అంటాడనుకుంది. అదే తప్పు, అదే తెల్లటి తెర. ఆ పిల్లదైతే ఉద్యోగం పోతుంది, తనదైతే కాఫీ వస్తుంది. ఎవరి అదృష్టం చూసి తను ఇన్నాళ్ళు కుళ్ళిపోయింది? తలుపు గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ అమ్మాయికి మీరే చెప్పండి," అంది. "అందరి ముందూ చెప్పండి. నా లైను అని."

"చెబుతాలే."

చెప్పాడు. తలుపు తోసుకుని వచ్చి, "అందరూ వినండి, ఆ తప్పు కొత్తమ్మాయిది కాదట, అక్కదట! అంత మనిషికీ తప్పొచ్చింది, ఇక మనమెంత" అని నవ్వాడు. అందరూ నవ్వారు. కొత్తమ్మాయి మాత్రం నవ్వకుండా తిన్నగా అక్క వైపే చూసింది.

ఆ పిల్ల తనే లేచి వచ్చింది.

"నీ లైను ఎందుకు మార్చావు?" అని అక్కే ముందు అడిగింది. గొంతు బాగా తగ్గించింది.

"మీరేమీ రాయలేదుగా అక్కా. అందరికీ అన్నేసి రాస్తారు. నాకు ఒక్కటీ రాయలేదు. మీ తాళంచెవి వాడలేదని కోపమొచ్చిందనుకున్నా. అది వాడితే పేజీ కాస్త నెమ్మదిగా తెరుచుకుంటోందని నేరుగా వెళ్ళాను. పోనీలే, నెమ్మదైతే ఏం, అక్క దారిలోనే పోదాం అనుకున్నా." ఆ పిల్ల ఆగింది. "నేను మొదట రాసినదాంట్లో కూడా ఆ ప్రశ్నార్థకం లేదు. పటంలో రెండో మనిషి తప్పకుండా ఉంటారని మీరే రాశారు కదా, అవసరం లేదనుకున్నా. మీరు రివ్యూలో చూడలేదా?"

పటం. అక్క కళ్ళు మూసుకుని తెరిచింది. చూడలేదని అంటే సరిపోయేది. అంత పనిలో ఎవరికైనా కన్ను జారుతుంది.

"చూశాను," అంది.

అక్క ఇంకేదో చెబుతుందని కొత్తమ్మాయి ఎదురుచూసింది. "నువ్వంటే నాకు…" అని అక్క మొదలుపెట్టి, "కుళ్ళు పుట్టింది. అందుకే చెప్పలేదు" అనేసింది. ఆ మాట బయట పడ్డాక ఇంకా చిన్నదిగా, ఇంకా చవకగా వినిపించింది.

కొత్తమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. వెనక్కి వెళ్ళి, బల్ల మీదున్న తన దువ్వెన, ఛార్జరు, కప్పు మళ్ళీ సొరుగులో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

*

సరిచేయడానికి ఎక్కువసేపు పట్టలేదు. అక్క తాళంచెవిలో ప్రతి చుక్క ముందూ ఆగి, అడగవలసిన చోట ప్రశ్నార్థకం పెట్టింది. పటంలో రెండో మనిషి ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని మార్చింది. ఉత్తుత్తి పిల్లల్లో కొత్తగా ఒక బాబును కలిపింది. వాడికి అమ్మమ్మ ఒక్కతే. అమ్మమ్మ పేరు గడి దగ్గర తన కుటుంబంలోని పేరేదీ పెట్టకుండా కాసేపు ఆలోచించి ఇంకో పేరు పెట్టింది.

అక్క రాసినదాన్ని కూడా ఎవరో ఒకరు రివ్యూ చెయ్యాలి. ఇన్నాళ్ళూ అది ఒట్టి తంతు. ఎవరికి పంపినా కళ్ళు మూసుకుని అప్రూవ్ అంటారు. ఆమె కొత్తమ్మాయికి పంపింది. మర్నాడు పొద్దున ఆవిడ వస్తుంది. ఇది ఈ సాయంత్రమే యాప్‌లో కలవాలి.

పంపించి ఎదురుచూసింది. కామెంట్లు వస్తాయి. రావాలి. ఈ పేరు చూస్తే మీకైనా అర్థమవుతోందా అని రాయాలి. తన మీద ఉన్న కోపమంతా అక్కడ పోయాలి. అలా పోస్తే ఒక్కొక్కదానికీ జవాబు రాసి సరిచేసుకోవచ్చు.

కిటికీ దగ్గర ఆ పిల్ల తెర మీద అక్క లైన్లే ఉన్నాయి. ఇంత దూరం నుంచి కూడా వాటి ఆకారం అక్క గుర్తుపట్టగలదు. ఆ లైన్లు నెమ్మదిగా పైకి జరిగాయి, ఒకచోట ఆగాయి. కొత్తమ్మాయి ముందుకు వంగి చూసింది. కీబోర్డు మీద చేతులు పెట్టింది. తీసేసింది. లైన్లు మళ్ళీ జరిగాయి.

అక్క ఫోన్ మోగింది. అప్రూవ్. ఒక్క కామెంటూ లేదు.

అక్క లేచి కిటికీ దాకా వెళ్ళింది. కొత్తమ్మాయి ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపింది.

"ఏమైనా కనిపించిందా?" అంది అక్క. "ఒకచోట ఆగావు."

"మీరు రాసిందే కదా అక్కా," అంది కొత్తమ్మాయి. గొంతులో మర్యాద ఎక్కడా తగ్గలేదు. "రాయడానికి ఏమీ లేదు."

హెడ్‌ఫోన్ మళ్ళీ చెవి మీదికి వచ్చింది. సాయంత్రపు ఎండ ఇద్దరి మధ్యా బల్ల మీద పడుతోంది. ఆ పిల్ల నిజంగానే ఏమీ చూడలేదో, చూసి ఊరుకుందో ఆ మొహంలో అక్కకు దొరకలేదు. అడిగే హక్కు కూడా ఇక లేదు.

తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. అందరూ ఒక్కొక్కరే సంచులు తీసుకుని వెళ్తున్నారు. ఎవరో "వస్తానక్కా" అంటే తలూపింది. పెన్ను మూత పంటి కింద పెట్టుకుని, తను రాసిన ఫైలు తెరిచి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.